మాయలో దాగిన జ్వరం

పాఠ్యభాగ ఉద్దేశం

మలేరియా మన దేశానికి కొత్త వ్యాధి కాదు. అయితే అది గర్భిణీ స్త్రీకి సోకినప్పుడు ఆమె రక్తంలోను, గర్భస్థ శిశువును పోషించే మాయలోను కలిగే రసాయనిక సంక్షోభం సామాన్యులకు అంతగా తెలియదు. ఆ సంక్షోభ స్వరూపాన్ని, దానిని ఎదుర్కొనడానికి శరీరం ఏర్పరచుకొన్న రక్షణ వ్యవస్థను తెలియజేయడం, తల్లీబిడ్డల రక్షణలో మన కర్తవ్యాన్ని గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాత పేర్లు – కొత్త జ్ఞానం

ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలు విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని విషమజ్వరమని పేర్కొన్నాయి. అది వచ్చే కాలాన్ని బట్టి సంతతం, సతతం, అన్యేద్యుష్కం, తృతీయకం, చతుర్థకం అని ఐదు విధాలుగా విభజించాయి. మూడవనాడు తిరిగి వచ్చేది తృతీయకం. నాలుగవనాడు తిరిగి వచ్చేది చతుర్థకం. ఈ లెక్క వెనుక ఉన్న కారణం ఆ వైద్యులకు తెలియదు. కాని వారి పరిశీలన సత్యదూరం కాదు. మలేరియా పరాన్నజీవులలో కొన్ని జాతులు ఎర్రరక్తకణాలలో 48 గంటలకు ఒకసారి, మరొక జాతి 72 గంటలకు ఒకసారి పరిపక్వమై, కణాలను పగులగొట్టుకొని బయటికి వస్తాయి. ఆ సమయంలోనే చలి, వణుకు, జ్వరం కలుగుతాయి. తెలుగు ప్రజలు దీనిని చలిజ్వరమని, అడవులు కొండలు గల ఏజెన్సీ ప్రాంతాలలో ఎక్కువగా రావడం వల్ల మన్యపు జ్వరమని పిలిచారు. ఐరోపావాసులు చెడుగాలి వల్ల కలుగుతుందని భ్రమించి, ఆ అర్థంలోనే మలేరియా అని పేరు పెట్టారు.

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి వైద్యుడు అల్ఫోన్స్ లావెరాన్ రోగి రక్తంలో ఈ వ్యాధికి కారణమైన పరాన్నజీవిని కనుగొన్నాడు. అది మనిషి నుంచి మనిషికి ఎట్లా చేరుతుందన్న ప్రశ్నకు సమాధానం మన సికింద్రాబాదులో లభించింది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తాన్ని పీల్చిన దోమ జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలను చూశాడు. ఆ కణాలు దోమ శరీరానికి చెందినవి కావని ఆయన గుర్తుపట్టడానికి ఆధారం వాటిలోని నల్లని రంజకపు రేణువులు. రోగి రక్తంలో పరాన్నజీవి కడుపున కనిపించే రేణువులే దోమలోనూ కనిపించాయి. ఈ పరిశోధనలకు రాస్‌కు 1902లోను, లావెరాన్‌కు 1907లోను నోబెల్ బహుమతులు లభించాయి.

ఆ నల్లని రేణువును మనం గుర్తుంచుకోవాలి. ఈ పాఠంలో చెప్పబోయే కథకు అదే మూలం.

గర్భిణికి అధిక ప్రమాదం ఎందుకు?

గర్భిణీ స్త్రీని దోమలు ఎక్కువగా ఆశ్రయిస్తాయి. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో జరిగిన పరిశోధన ఫలితాలు 2000లో ప్రచురితమైనాయి. ఇతర స్త్రీలతో పోలిస్తే గర్భిణుల వైపు దాదాపు రెట్టింపు సంఖ్యలో అనాఫిలిస్ దోమలు ఆకర్షితమైనట్లు అందులో తేలింది. గర్భిణి ఎక్కువ గాలిని వదలడం, ఆమె ఉదరభాగం ఎక్కువ వెచ్చగా ఉండడం ఇందుకు కారణాలుగా పరిశోధకులు భావించారు.

ప్రమాదం దోమకాటుతో ముగియదు. తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే అవయవాన్ని మన పెద్దలు మాయ అన్నారు; శాస్త్రగ్రంథాలలో దానికి జరాయువని పేరు. మాయ ఒక రేవు వంటిది. తల్లి రక్తం తెచ్చిన ఆక్సిజన్, ఆహారం అక్కడ దిగుతాయి. బిడ్డ శరీరంలోని వ్యర్థాలు అక్కడి నుంచే తిరుగుప్రయాణం చేస్తాయి. ఫాల్సిపారం జాతి పరాన్నజీవి తాను ప్రవేశించిన ఎర్రరక్తకణం ఉపరితలంపై ఒక ప్రత్యేకమైన ప్రొటీనును మొలిపిస్తుంది. ఆ ప్రొటీను మాయలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థాన్ని గట్టిగా పట్టుకొంటుంది. ఫలితంగా వ్యాధిగ్రస్తమైన కణాలు రక్తప్రవాహంతో ముందుకు సాగక రేవులోనే లంగరు వేస్తాయి. ఈ రహస్యాన్ని 1996లో కెన్యాలో చేసిన పరిశోధన వెల్లడించింది.

అందువల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడుతుంది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో పరాన్నజీవి కనిపించకపోవచ్చు. మాయలో మాత్రం అది గుంపులు గుంపులుగా ఉండవచ్చు. మలేరియా నిత్యం వ్యాపించే ఆఫ్రికా ప్రాంతాలలో పెద్దవారికి కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది. కాని మాయలో దాగే ఈ రకం కణాలు తొలిచూలు స్త్రీ శరీరానికి అపరిచితాలు. అందుచేత మొదటి కాన్పులో ప్రమాదం ఎక్కువ. తరువాతి కాన్పులలో ప్రతిరక్షకాలు పెరిగి కొంత తగ్గుతుంది. వ్యాధి తక్కువగా వ్యాపించే మన దేశం వంటి చోట్ల అంతటి నిరోధక శక్తి ఎవరికీ ఉండదు. కనుక ఎన్నవ కాన్పు అయినా తల్లికి తీవ్రమైన జబ్బు చేసే అవకాశం ఉంది.

ఈ సమస్య ఎంత విస్తృతమైనదో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా తెలుపుతుంది. ఆఫ్రికాలో మలేరియా వ్యాప్తి మధ్యస్థంగాను అధికంగాను ఉన్న 33 దేశాలలో 2022లో సుమారు 1 కోటి 27 లక్షల మంది గర్భిణులు మలేరియా బారిన పడ్డారు.

వంటింట్లో ఆక్సీకరణం

వంకాయ ముక్కలు తరిగి గాలిలో ఉంచితే కాసేపటికి నల్లబడతాయి. అందుకే మన ఇళ్లలో వాటిని వెంటనే ఉప్పునీటిలో వేస్తారు. నిలవ ఉన్న నూనెకు చెడువాసన వస్తుంది. తడి తగిలిన ఇనుప కత్తిపీట తుప్పు పడుతుంది. ఈ మూడింటికీ మూలం ఆక్సీకరణమే. మనకు ప్రాణాధారమైన ఆక్సిజనే వస్తువులను ఈ విధంగా క్షీణింపజేస్తుంది.

మన శరీర కణాలలోనూ ఇటువంటి చర్య నిరంతరం జరుగుతుంది. ఆహారం నుంచి శక్తిని పొందేటప్పుడు ఆక్సిజన్‌లో కొంత భాగం సంపూర్ణంగా నీరుగా మారక, జత లేని ఎలక్ట్రాన్ గల రూపాలను పొందుతుంది. వీటిని స్వేచ్ఛా ప్రాతిపదికలు లేదా ఫ్రీ రాడికల్స్ అంటారు. ఇవి జతకోసం పక్కనున్న అణువుల నుంచి ఎలక్ట్రానును లాగుకొంటాయి. నష్టపోయిన అణువు మరొకదానిని ఆశ్రయిస్తుంది. ఒక గుడిసెకు అంటుకొన్న నిప్పు పక్క గుడిసెకు పాకినట్లు, ఈ నష్టం కణపు పొరలోని కొవ్వులకు, ప్రొటీనులకు, చివరకు జన్యుపదార్థానికి వ్యాపిస్తుంది. ఇట్లా పుట్టే ప్రాతిపదికల బలం, వాటిని అణచే శక్తి కంటె మించినప్పుడు కలిగే అసమతౌల్యమే ఆక్సీకరణ ఒత్తిడి.

గర్భధారణలో ఈ ఒత్తిడి సహజంగానే కొంత పెరుగుతుంది. మొదటి మూడు నెలల చివర మాతృరక్తం మాయలోకి పూర్తిగా ప్రవహించడం మొదలవుతుంది. అక్కడ ఆక్సిజన్ పరిమాణం ఒక్కసారిగా హెచ్చుతుంది. ఆరోగ్యవతియైన తల్లి శరీరం తన రక్షణ శక్తిని పెంచుకొని ఈ దశను దాటుతుంది. ఆ సమయంలో మలేరియా సోకితే భారం రెట్టింపవుతుంది.

పరాన్నజీవి భోజనం – తల్లికి భారం

ఎర్రరక్తకణంలో చేరిన పరాన్నజీవికి ప్రధాన ఆహారం హీమోగ్లోబిన్. ఒక్కొక్క హీమోగ్లోబిన్ అణువులో నాలుగు హీమ్ భాగాలు, ప్రతి హీమ్‌లో ఒక ఇనుము పరమాణువు ఉంటాయి. పరాన్నజీవి ప్రొటీను భాగాన్ని జీర్ణం చేసుకొంటుంది. హీమ్ మాత్రం విడిగా మిగిలిపోతుంది. ఈ విధంగా బయటపడిన ఇనుము ఆక్సీకరణం చెందుతూ, ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్ అనే ప్రాతిపదికగా మారుస్తుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇనుముతో కలిసినప్పుడు హైడ్రాక్సిల్ ప్రాతిపదిక ఏర్పడుతుంది. స్వేచ్ఛా ప్రాతిపదికలలో అత్యధిక నాశక శక్తి గలది ఇదే.

హీమ్ పరాన్నజీవికి కూడా విషమే. అందుకే అది హీమ్ అణువులను ఒకదానికొకటి పేర్చి, హానిలేని నల్లని స్ఫటికాలుగా మారుస్తుంది. దాని పేరు హీమోజోయిన్. సికింద్రాబాదులో రాస్ చూసిన నల్లని రేణువు ఈ భోజనశేషమే. మలేరియా సోకిన గర్భిణి మాయను సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు కూడా ఇదే రంజకం కనిపిస్తుంది.

రెండవ కారణం తల్లి శరీరం చేసే ప్రతిదాడి. పరాన్నజీవిని చంపడానికి తెల్లరక్తకణాలు స్వయంగా స్వేచ్ఛా ప్రాతిపదికలను ప్రయోగిస్తాయి. శత్రువుపై వేసిన నిప్పు సొంత ఇంటిపై కూడా పడుతుంది. వ్యాధి సోకని ఎర్రరక్తకణాల పొరలు సైతం దెబ్బతిని, వాటిని ప్లీహం ముందుగానే తొలగిస్తుంది. అందువల్ల పరాన్నజీవి నేరుగా నాశనం చేసిన కణాల కంటె ఎక్కువ కణాలను తల్లి కోల్పోతుంది. రక్తహీనత తీవ్రమవుతుంది. మాయలో చేరిన తెల్లరక్తకణాల వల్ల వాపు ఏర్పడి, బిడ్డకు చేరవలసిన పోషణ తగ్గుతుంది. గర్భస్రావం, మృతశిశు జననం, నెలలు నిండని కాన్పు, రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం దీని దుష్ఫలితాలు. తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు మొదటి సంవత్సరంలోనే ప్రాణభయం ఎక్కువ.

శరీరపు రక్షణ వ్యవస్థ

ఇంతటి ప్రమాదాన్ని ఎదుర్కొనడానికి శరీరం నిరాయుధంగా లేదు. దాని రక్షణ మూడు అంచెలుగా సాగుతుంది.

మొదటి అంచె ముందుజాగ్రత్త. హాప్టోగ్లోబిన్ విడిపోయిన హీమోగ్లోబిన్‌ను, హీమోపెక్సిన్ విడి హీమ్‌ను పట్టి ఉంచుతాయి. హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైము హీమ్‌ను విచ్ఛిన్నం చేస్తుంది.

రెండవ అంచె ఎంజైముల దళం. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దీని పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆ పెరాక్సైడ్‌ను కేటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు నిరపాయకరమైన నీరుగా మారుస్తాయి. ఈ ఎంజైములకు రాగి, జింకు, మాంగనీసు, సెలీనియం, ఇనుము వంటి ఖనిజాలు స్వల్ప పరిమాణంలో అవసరం.

మూడవ అంచె ఆహారం ద్వారా వచ్చే సహాయకులు. విటమిన్ ఇ కణపు పొరలోని కొవ్వులను కాపాడుతుంది. ఆ పనిలో శక్తి కోల్పోయిన విటమిన్ ఇని విటమిన్ సి పునరుజ్జీవింపజేస్తుంది. ఉసిరి, జామ, నిమ్మ పండ్లలో విటమిన్ సి, వేరుశనగలో, పొద్దుతిరుగుడు నూనెలో విటమిన్ ఇ, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలలో కెరోటిన్ లభిస్తాయి.

నైజీరియా మొదలైన ఆఫ్రికా దేశాలలో మలేరియా సోకిన గర్భిణుల రక్తాన్ని, సోకని గర్భిణుల రక్తంతో పలువురు పరిశోధకులు పోల్చి చూశారు. కొవ్వుల ఆక్సీకరణానికి గుర్తుగా మాలాన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థాన్ని కొలిచారు. వ్యాధిగ్రస్తులలో అది హెచ్చుగాను, రక్షక పదార్థాలలో కొన్ని తక్కువగాను ఉన్నట్లు సాధారణంగా గమనించారు. అయితే రక్షక పదార్థాలు తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బుతో పోరాడి అవి ఖర్చయిపోయాయా అన్నది ఒక్కసారి చేసిన కొలత వల్ల తేలదు. పోషకాహార లోపం రెండింటికీ కారణం కావచ్చు. శాస్త్రాన్ని చదివేవారు ఈ వివేకాన్ని విడువరాదు.

నిప్పే ఔషధమైన వైనం

పరాన్నజీవి కూడా ఆక్సీకరణ ఒత్తిడికి లోబడినదే. దాని బలహీనతను ప్రకృతి కొందరి రక్తంలోనే చూపించింది. జి-6-పి-డి అనే ఎంజైము లోపించినవారి ఎర్రరక్తకణాలు ఆక్సీకరణాన్ని తట్టుకోలేవు. అటువంటి కణాలలో మలేరియా పరాన్నజీవి కూడా సుఖంగా పెరగలేదు. అందువల్లనే మలేరియా చిరకాలంగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. కాని వీరికి ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఇస్తే రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. దానికి ఈ లోపమే కారణమని 1956లో తెలిసింది. కడుపులోని బిడ్డకు ఆ లోపం ఉన్నదీ లేనిదీ తెలియదు కనుక గర్భిణికి ఈ మందు ఇవ్వరు.

చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియా మందుకోసం ప్రాచీన వైద్యగ్రంథాలను శోధించింది. నాలుగవ శతాబ్దికి చెందిన గె హాంగ్ గ్రంథంలో ఒక మొక్కను నీటిలో నానబెట్టి రసం పిండాలని ఉంది; కాచాలని లేదు. వేడిమి వల్ల గుణం నశిస్తున్నదని ఆమె గ్రహించి, తక్కువ ఉష్ణోగ్రతలో సారాన్ని తీసింది. 1972లో ఆమె బృందం ఆర్టిమిసినిన్‌ను వేరుచేసింది. ఈ మహోపకారానికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఆర్టిమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులను కలిపే వంతెన వంటి బంధం ఉంది. పరాన్నజీవి విడిపించిన హీమ్‌లోని ఇనుము తగలగానే ఆ బంధం తెగి, ప్రాతిపదికలు పుట్టి, పరాన్నజీవినే దహిస్తాయి. శత్రువు రగిల్చిన నిప్పు శత్రువునే కాల్చింది. ఈ కుటుంబానికి చెందిన ఆర్టిమీథర్, ల్యూమిఫాంట్రిన్ మిశ్రమాన్ని గర్భం మొదటి మూడు నెలలలో సైతం సాధారణ ఫాల్సిపారం మలేరియాకు వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. మందు ఎంపిక, మోతాదు మాత్రం వైద్యుని నిర్ణయమే.

విటమిన్ మాత్రలు చాలునా?

ఆక్సీకరణమే హానికి మూలమైతే, ఆక్సీకరణ నిరోధకాలను మాత్రలుగా మింగితే చాలునని తోచడం సహజం. అనుభవం ఆ విధంగా లేదు. గర్భిణులలో రక్తపోటు వ్యాధిని నివారించడానికి బ్రిటన్‌లో సుమారు 2,400 మందితో ఒక పరీక్ష జరిగింది. కొందరికి విటమిన్ సి, ఇ మాత్రలు అధిక మోతాదులో ఇచ్చారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వ్యాధి తగ్గలేదు. పైగా ఆ మాత్రలు తీసుకొన్నవారికే తక్కువ బరువు బిడ్డలు కొంచెం ఎక్కువగా పుట్టారు. ఇది మలేరియాపై చేసిన పరీక్ష కాకపోయినా దాని గుణపాఠం ఇక్కడా వర్తిస్తుంది.

మరొక ఉదాహరణ ఫోలిక్ ఆమ్లం. ఆఫ్రికాలో మలేరియా అధికంగా ఉన్న ప్రాంతాలలో గర్భిణులకు నాలుగవ నెల నుంచి నెలకొకసారి సల్ఫాడాక్సిన్, పైరిమిథమిన్ మందును కనీసం మూడు మోతాదులుగా ఇస్తారు. రోజుకు 5 మిల్లీగ్రాములు, ఆపైన ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే ఈ మందు శక్తి సన్నగిల్లుతుంది. తక్కువ మోతాదు వల్ల ఆ ఇబ్బంది లేదు. మన ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు 180 రోజులపాటు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలో ఫోలిక్ ఆమ్లం అర మిల్లీగ్రాము మాత్రమే. ఆ మాత్రలను మానకూడదు. మేలుచేసే వస్తువైనా మితం తప్పితే కీడు కావచ్చునన్నదే ఇందులోని నీతి.

మన కర్తవ్యం

ఇంతవరకు తెలుసుకొన్నదానిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించడానికి ఉత్తమ మార్గం దాని మూలాన్ని, అనగా పరాన్నజీవిని తొలగించడమే. క్రిమినాశకం పూసిన దోమతెరలో గర్భిణి నిద్రించాలి. జ్వరం వచ్చిననాడే రక్తపరీక్ష చేయించాలి. ఒకసారి పరాన్నజీవి కనిపించకపోయినా జ్వరం విడవకుంటే మరల పరీక్షించాలి. మందును నడుమ ఆపక పూర్తిగా వాడాలి. హీమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటె తగ్గకుండా చూసుకోవాలి.

ఇవన్నీ గర్భిణి ఒక్కతే చేయగల పనులు కావు. ఇంట్లో ఒకే దోమతెర ఉంటే అది ఎవరికి దక్కుతున్నది? అందరూ తిన్న తరువాత మిగిలిన కూరతో కోడలు భోజనం ముగిస్తే, ఆమె రక్తానికి రక్షక పదార్థాలు ఎక్కడి నుంచి వస్తాయి? కొండమీది గూడెం నుంచి ఆస్పత్రికి దారి లేకపోతే జ్వరం వచ్చిననాడే పరీక్ష ఎట్లా సాధ్యం? ఈ ప్రశ్నలకు సమాధానం ప్రయోగశాలలో దొరకదు. అది భర్త, అత్తమామలు, గ్రామపెద్దలు, ప్రభుత్వం కలిసి చెప్పవలసిన సమాధానం. అక్కకో వదినకో నెల తప్పిందని తెలిసిన రోజున దోమతెరను ఆమె మంచానికి కట్టడం ఈ పాఠం చదివిన ప్రతి విద్యార్థీ చేయగల పని.

అర్థాలు

రంజకం = రంగు కలిగించే పదార్థం
పరాన్నజీవి = ఇతర ప్రాణిపై ఆధారపడి బ్రతికేది
జరాయువు = మాయ
తొలిచూలు = మొదటి గర్భం
అసమతౌల్యం = సమానత్వం తప్పడం
ప్లీహం = కడుపులో ఎడమవైపున పక్కటెముకల కింద ఉండే రక్తశోధక అవయవం
గూడెం = గిరిజనుల పల్లె

వ్యాకరణాంశాలు

పరాన్నము = పర + అన్నము – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి
విషమజ్వరం = విషమమైన జ్వరం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మాతృరక్తం = మాత యొక్క రక్తం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లీబిడ్డలు = తల్లియును బిడ్డయును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. మాయ ఒక రేవు వంటిది.
2. శత్రువు రగిల్చిన నిప్పు శత్రువునే కాల్చింది.

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. తొలిచూలు స్త్రీకి మలేరియా వల్ల ప్రమాదం ఎక్కువ కావడానికి కారణమేమి?
2. రాస్ చూసిన నల్లని రేణువు ఏమిటి? అది ఎట్లా ఏర్పడుతుంది?
3. విటమిన్ మాత్రలను గురించి 2006 నాటి పరీక్ష నేర్పిన పాఠమేమి?

ఇ) వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. మలేరియా సోకిన గర్భిణిలో ఆక్సీకరణ ఒత్తిడి కలిగే విధానాన్ని, శరీరపు రక్షణ వ్యవస్థను వివరించి, తల్లీబిడ్డల రక్షణలో కుటుంబం, సమాజం వహించవలసిన పాత్రను చర్చించండి.